కూర్చో అనని మాట

కర్ర పట్టుకోవద్దని పైనుంచి గట్టిగా చెప్పాక, లెక్కల మాస్టారిగా నాకు మిగిలింది నిలబెట్టడం ఒక్కటే. దెబ్బ ఉండదు, వాత తేలదు, తల్లిదండ్రులు గొడవకు రారు. చాలా మర్యాదైన శిక్ష అనుకునేవాణ్ణి.

మాది వినుకొండ దగ్గర పల్లె బడి. తొమ్మిదో తరగతిలో ఒకమ్మాయి పాఠం మధ్యలో పక్కమ్మాయితో మాట్లాడుతుంటే లేపాను. "నేను చెప్పేదాకా కూర్చోవద్దు," అన్నాను. గంట కొట్టారు. చెప్పకుండానే బస్సుకు వెళ్ళిపోయాను.

మర్నాడు నేను రాగానే అందరూ లేచారు. కూర్చోండన్నాను. ఆ పిల్ల తప్ప అందరూ కూర్చున్నారు. నిన్నటి మాట నాకు గుర్తుంది. గుర్తుండీ పొగరనుకున్నాను. తనే అడగాలని నేను అనలేదు, నేనే అనాలని తను అడగలేదు.

అలా రోజులు గడిచాయి. నిలబడే లెక్కలు చేసేది, వంగి నోట్సు రాసుకునేది. ఒక్క లెక్కా తప్పేది కాదు. అది నాకు ఇంకా ఇబ్బందిగా ఉండేది.

వెనక బెంచీ కుర్రాడు గొణిగేవాడు. "ఒసేయ్, పక్కకి జరగవే. బోర్డు కనపడట్లా."

"కనపడితే మాత్రం నీకేం అర్థమయిద్దిరా?" అనేది.

నేను వినపడనట్టు సుద్దముక్క వెతుక్కునేవాణ్ణి.

మిరప కోతలు మొదలయ్యాక తను రావడం మానేసింది. కోతలకు సగం తరగతి ఖాళీ అవడం మామూలే కాబట్టి పట్టించుకోలేదు. మిగతావాళ్ళు ఒక్కొక్కరే తిరిగొచ్చారు. తను రాలేదు. బడి మానేసిన పిల్లల్ని వెతికి తేవడం మా ఉద్యోగంలో భాగం. అందుకే వెళ్తున్నానని హెడ్మాస్టరుకు చెప్పి, తను కోతకెళ్ళే మిరప చేనుకు వెళ్ళాను.

వాళ్ళమ్మ కాయలు గోతంలో పోసి నా దగ్గరికి వచ్చింది.

"నేను పొమ్మంటానే ఉన్నా సారూ, ఇనట్లా. బళ్ళో ఎటూ నిలబడేదేగా, ఈడ నిలబడితే కూలన్నా వచ్చిద్దంటది. దానికి నా కాడ జవాబు లేదు. మీ కాడుంటే మీరే చెప్పండి."

తుమ్మాను. మిరప చేలో తుమ్మినా, కళ్ళు తుడుచుకున్నా ఎవరూ ఏమీ అనుకోరు.

ఆ పిల్ల సాలు మధ్యలో పని ఆపి నన్ను చూసింది. చదువు విలువ గురించి దారంతా తయారు చేసుకుని వెళ్ళాను. నోటికి వచ్చింది మాత్రం, "కూర్చో అమ్మా."

"ఇక్కడ కూర్చుంటే మేస్త్రి తిడతాడు సార్," అంది. మళ్ళీ కాయలు కోస్తూ, "బళ్ళో చెప్పండి," అంది.

సోమవారం తను బడికి వచ్చింది. నేను లోపలికి వెళ్ళగానే అందరూ లేచారు. కూర్చోండన్నాను. తను నిలబడే ఉంది.

"తప్పు నాదమ్మా. కూర్చో," అన్నాను.

కూర్చుంది. పుస్తకం తీసింది.

"ఇప్పుడు కనపడుతోంది సార్ బోర్డు!" అన్నాడు వెనక బెంచీ కుర్రాడు. తరగతంతా గొల్లుమంది.

"ఏరా, నవ్వులాటగా ఉందా? లేచి నిల..." అని ఆగిపోయాను.

వాడు అప్పటికే సగం లేచాడు. ఆ పిల్ల పుస్తకంలోంచి తలెత్తి నన్నే చూస్తోంది.

"లేచి... ఆ కిటికీ తెరువు," అన్నాను. "ఉక్కగా ఉంది."

కిటికీ తెరిచే ఉంది. వాడు వెళ్ళి మూసి, మళ్ళీ తెరిచి వచ్చి కూర్చున్నాడు.