తొమ్మిది లోపు దాటాల్సిన వంతెన

ఏప్రిల్ మొదటి వారంలో ఆర్మీ పోస్టుకు చేరాను. ఎత్తు పదకొండు వేల ఎనిమిది వందల అడుగులు. హిమాచల్‌లో ఒక లోయ, పేరు చెప్పను. రాతి గోడల గదులు రెండు, పైన రేకులు, ఒక కిరోసిన్ పొయ్యి, ఒక రేడియో సెట్. మేం ఐదుగురం. ఈ కథకు కావలసినవాళ్లు ఇద్దరే: పోస్టు పెద్ద సుబేదార్ సాబ్, రేడియో ఆపరేటర్. నేను ఆయన కింద నాయక్‌ని. నాకిచ్చిన సామాను మంచు బూట్లు, నల్లద్దాలు, మంచు గొడ్డలి, ఈల, ముప్పై మీటర్ల తాడు, ఒక రిజిస్టర్.

రిజిస్టర్ ఎందుకంటే ట్రెక్కింగ్ దారి మా పోస్టు పక్కనుంచే పోతుంది, వచ్చిపోయేవాళ్ల పేర్లు, టైములు అందులో రాయాలి. పావుగంట నడిస్తే వాగు. చలికాలంలో కొండ మీంచి జారిపడ్డ మంచు ఆ వాగును కప్పేస్తుంది. ఎండలు మొదలయ్యాక కిందినుంచి నీళ్లు ఆ మంచును కొరుక్కుంటూ పోతాయి. పైన తెల్లటి రోడ్డు, కింద డొల్ల. దాన్నే మంచు వంతెన అంటాం. రాత్రి మైనస్ తొమ్మిదికి పడిపోతుంది కాబట్టి పొద్దున ఐదింటికి అది సిమెంటు. ఎనిమిదింటికి కూడా గట్టిదే. పదింటికి కాలు మోకాలి దాకా దిగుతుంది. మధ్యాహ్నం మబ్బు కమ్మి వడగళ్లు పడతాయి, ముందు నడిచేవాడి వీపు కనబడదు. సాయంత్రానికి వాగు రెట్టింపవుతుంది.

మొదటి రోజే సుబేదార్ సాబ్ హిందీలో ఆర్డరిచ్చాడు. "తొమ్మిది లోపు వంతెన దాటాలి. దాటకపోతే ఆ మనిషి మన దగ్గరే పడుకుంటాడు, మర్నాడు పోతాడు. మంత్రి కొడుకైనా సరే."

ఇప్పుడు నేను పంజాగుట్టలో ఒక షాపింగ్ కాంప్లెక్సుకు సెక్యూరిటీ సూపర్‌వైజర్‌ని. కొండలకు పోయే కుర్రకారు వచ్చి అడుగుతుంటారు. మంచు తుఫాను వస్తే ఏం చేయాలి సార్, ఎన్ని స్వెట్టర్లు వేసుకోవాలి సార్ అని. తుఫాను వస్తే ఎవడైనా గుడారంలోనే కూర్చుంటాడు నాయనా, దానికి నేనెందుకు? ఎండ గురించి ఒక్కడూ అడగడు. నీలంగా, శుభ్రంగా, హాయిగా ఉండే రోజు గురించి అడగడు.

మూడు వారాలు ఆర్డరును అక్షరాలా పాటించాను. తొమ్మిదీ పదికి వచ్చిన ఒకాయన్ని ఆపితే, నీ పేరు చెప్పు, పైవాళ్లకు రాస్తానన్నాడు. పేరు, నంబరు రెండూ చెప్పి, లోపల కూర్చోబెట్టి పప్పన్నం పెట్టాను. అంత కచ్చితంగా ఉండేవాణ్ని.

ఏప్రిల్ చివరి వారంలో ఒక రోజు పొద్దున ఆరున్నరకు ఎనిమిది మంది ట్రెక్కర్లు వాళ్ల గైడుతో వంతెన దాటారు. గైడు పోతూ చెప్పాడు, వెనక ఇద్దరున్నారు, ఒకతని మడమ ఒరుసుకుపోయింది, తొమ్మిది లోపు పంపండి, అవతలి గట్టున నిలబడతానని. రేషన్ కోసం సుబేదార్ సాబ్ కింది పోస్టుకు దిగాడు. ఎవర్ని వదలాలో, ఎవర్ని ఆపాలో నా చేతిలో ఉంది.

ఎనిమిదీ ఇరవైకి ఆ ఇద్దరూ వచ్చారు. ఒకావిడ, ముప్పై అయిదు దాకా ఉంటాయి. వెనక కుంటుతూ ఒకతను. "మెల్లగా రా నరేష్, కంగారేం లేదు," అందావిడ.

తెలుగు! ఏడు నెలలైంది నేను ఎదురుగా మనిషి నోట తెలుగు విని. పరుగెత్తాను.

"యాడికెల్లి వచ్చిండ్రు మేడమ్?"

"అమీర్‌పేట నుంచండీ," అందావిడ ఆశ్చర్యపోతూ. పేరు మాధవి. సొంతూరు భీమవరం. అమీర్‌పేటలో ఒక కోచింగ్ సెంటర్లో కంప్యూటర్ పాఠాలు చెబుతుంది. నరేష్‌ది యూసుఫ్‌గూడ, అదే సెంటర్లో పని.

"అరె! మాది సుత అమీర్‌పేటే. మా నాయిన టైలరు. ఇగ మీరు చాయ్ తాగకుంట పోతె నేనూకోను."

"తొమ్మిదిలోపు దాటమన్నారండీ గైడు గారు. ఇంకోసారెప్పుడైనా..."

"నేనున్న గద మేడమ్, ఫికర్ చెయ్యకుండ్రి. కూసోండ్రి."

మన ఇంటికొచ్చినవాళ్లను మంచినీళ్లిచ్చి పంపేస్తే మా అమ్మకు నిద్ర పట్టదు. నాకూ అదే బుద్ధి. చాయ్ పెట్టాను. చాయ్ ఒక్కటే ఏం బాగుంటుందని రవ్వ వేయించాను. నరేష్ మడమ కడిగి కట్టు కట్టాను, ఐదు నిమిషాల పని. మిగతాదంతా మాటలే. పంజాగుట్ట చౌరస్తాలో ట్రాఫిక్ ఎట్లుంది, మా గల్లీ మూలన మిర్చిబజ్జీల బండి ఉందా లేదా.

"మీ నాన్నగారి షాపు ఏ గల్లీలో అండీ?"

చెప్పాను. "అయ్యో, ఆ గల్లీలోనే నేను బ్లౌజులు కుట్టించుకునేది!" అందావిడ. అంతే. దానికి ఇంకో గ్లాసు చాయ్.

తొమ్మిదీ ఐదుకు రేడియో ఆపరేటర్ తల బయటపెట్టాడు. "కింది పోస్టు అడుగుతోంది. ఇద్దరూ బయల్దేరారా?"

"బయల్దేరారని చెప్పు," అన్నాను. అతను నా వంక, పొయ్యి మీద ఉప్మా వంక చూసి లోపలికెళ్లి అదే చెప్పాడు.

"టైమైపోయిందేమోనండీ," అంది మాధవి రెండోసారి.

"రెండు ముద్దలు తిని పోండ్రి మేడమ్."

వాళ్లు లేచేసరికి తొమ్మిదీ యాభై. ఆపాలి. ఆపడానికి నోరు తెరిచాను కూడా. కానీ ఆపితే రిజిస్టర్లో కారణం రాయాలి. ఎనిమిదీ ఇరవైకి వచ్చినవాళ్లు పదింటికి ఇక్కడెందుకున్నారని సుబేదార్ సాబ్ అడుగుతాడు. ఉప్మా వండుకుంటూ కూర్చున్నానని చెప్పాలి. సిగ్గేసింది. ఆ పాడు సిగ్గు కోసం, బయల్దేరిన టైము గళ్లో ఎనిమిదీ నలభై ఐదు అని రాశాను.

వంతెన దాకా నేనూ వెళ్లాను. తాడు పోస్టు గోడకున్న మేకుకు వేలాడుతోంది. తీసుకెళితే ఆలస్యమైందని నాకు నేను ఒప్పుకున్నట్టవుతుంది. తీసుకెళ్లలేదు.

ఆకాశంలో ఒక్క మబ్బు లేదు. మంచు మీంచి ఎండ మొహాన కొడుతోంది. అవతలి గట్టున గైడు రెండు చేతులూ అడ్డంగా ఊపుతున్నాడు, వద్దని. నరేష్ అప్పటికే సగం దాటేశాడు. దాటాడు. చూశావా, ఏం కాలేదు అనుకున్నాను. "ఇంక మీరు మేడమ్, మెల్లగ," అన్నాను.

ఆవిడ జాకెట్ విప్పి నడుముకు కట్టుకుంది. "ఎంత బాగుందండీ ఎండ!" అంది. నడిచింది. పెద్ద శబ్దమేమీ రాలేదు. బియ్యం బస్తా దించినంత శబ్దం. తెల్లటి రోడ్డు మధ్యలో గుంత, గుంతలో నీళ్ల హోరు. ఈల ఊదాను. తాడు కోసం పోస్టుకు పరుగెత్తి తిరిగొచ్చేసరికి ఇరవై రెండు నిమిషాలు. ఆరో రోజున కిలోమీటరు కింద దొరికింది.

విచారణ జరిగింది. రిజిస్టర్లో ఎనిమిదీ నలభై ఐదు. రేడియోలో బయల్దేరారు అన్న మాట. వంతెన దగ్గరికి పది దాటాకే వచ్చారని గైడు చెప్పాడు. చేతికి వాచీ లేని నరేష్ రిజిస్టర్లో అంకెనే నమ్మి, నా కాలి వల్ల లేటైంది, దారిలో నేనే ఆగాగి నడిచానని ఏడుస్తూ చెప్పాడు. ఎండలు ముందుగా ముదిరి వంతెన బలహీనపడిందని తేల్చారు. రేడియో ఆపరేటర్ ఆ రోజు నుంచి నాతో పనికి మించి మాట్లాడలేదు. సుబేదార్ సాబ్ ఆ గడిలోని అంకెలను చాలాసేపు చూశాడు. ఏమీ అడగలేదు. అడిగి ఉంటే చెప్పేసేవాణ్ని. నిజంగా చెప్పేసేవాణ్నా? ఏమో.

రెండేళ్ల తర్వాత పెన్షన్ తీసుకుని అమీర్‌పేటకు వచ్చేశాను. ఒక సాయంత్రం పంజాగుట్ట మెట్రో మెట్ల దగ్గర ఎవరో "అన్నా" అని చెయ్యి పట్టుకున్నారు. నరేష్. చిక్కి సగమైపోయాడు.

"నీకు థ్యాంక్స్ సుత చెప్పలే అన్న ఆ రోజు. కట్టు కట్టినవ్, కడుపు నింపినవ్. గా మడమే లేకుంటె మేడమ్ అందర్తోని పొద్దుగాల్నే దాటుతుండె."

వాడింకా నా చెయ్యి వదల్లేదు.

"వాళ్లమ్మ బేగంపేటల ఉంటది. నెలకోపారి పోత. తలుపు తీస్తది, నన్ను చూస్తది, మూస్తది. పాపం, ఆమె తప్పేముంది అన్న? నేనే గద ఒప్పుకున్న."

అక్కడే, జనం రాసుకుపోతుంటే, చెప్పేశాను. ఎనిమిదీ నలభై ఐదు అబద్ధమని. మడమకు పట్టింది ఐదు నిమిషాలని. తాడు మేకుకే ఉందని. నరేష్ నన్ను కొడతాడనుకున్నాను. కొట్టి ఉంటే బాగుండేది. మెట్రో పిల్లరుకు ఆనుకుని నేల మీద కూలబడ్డాడు.

"గిన్నేండ్లు నన్ను మొయ్యనిచ్చినవా అన్నా?" అన్నాడు.

మర్నాడు ఆదివారం, ఇద్దరం బేగంపేట వెళ్లాం. తలుపు తీసిన పెద్దావిడకు గడప బయటే నిలబడి మొత్తం చెప్పాను. ఆవిడ ఏడవలేదు. ఒక్కటే అడిగింది.

"టైమైపోయిందని అది చెప్పిందా?"

"చెప్పిందమ్మా. రెండుసార్లు చెప్పింది."

"చెబుతుంది. టైము దగ్గర దానికి రాజీ లేదు." నరేష్ వైపు తిరిగింది. "లోపలికి రా బాబూ. భోంచేసి వెళ్దువుగాని." వాడు లోపలికెళ్లాడు. నా మొహాన తలుపు మెల్లగా, చప్పుడు లేకుండా మూసుకుంది. ఆవిడకు నేను క్షమాపణ కూడా చెప్పుకోలేకపోయాను.

మీరు కొండలకు పోతే పోండి. తొమ్మిదైతే ఎవడు పిలిచినా కూర్చోకండి, మీ వాడు పిలిస్తే అసలే కూర్చోకండి. నాకు మిగిలింది ఒకటే. ఆ మధ్యాహ్నం వడగళ్లు మొదలుకాకముందు, తాడు చేతిలో పట్టుకుని గట్టున నిలబడ్డాను. మంచు మీద రెండు వరసల అడుగులు. నరేష్‌వి వంకరగా అవతలి దాకా వెళ్లాయి. ఆవిడవి తిన్నగా, ఒకే దూరంలో, గుంత దాకా వెళ్లి ఆగాయి, ఎండకు అంచులు కరిగి పెద్దవవుతున్నాయి. లెక్కపెట్టాను. పద్దెనిమిది.