బావ తిన్న డబుల్ కా మీఠా ఫొటో

ఇబ్రహీంపట్నంలోని యావన్మందికీ ఇందుమూలంగా తెలియజేయునది ఏమనగా, పెళ్లిలో తిన్న మిఠాయి ఇక మీదట కడుపులో దాగదు.

మా చిన్నాయన బిడ్డ పెళ్లి ఫొటోలన్నీ ఫొటోగ్రాఫర్ ఖాజా ఆన్‌లైన్‌లో పెట్టాడు. ఫోన్‌కు మన మొఖం చూపిస్తే మనం ఉన్న ఫొటోలు మాత్రమే వస్తాయి. మా బావకు షుగర్. తీపి ముట్టనని అక్క మీద ఒట్టు వేశాడు. ఆ పెళ్లిలో ఒట్టు తీసి గట్టున పెట్టాడని నా అనుమానం. పొద్దున ఖాజా దుకాణానికి పోయి బావ ఉన్న ఫొటోలు వెతికి ఇమ్మన్నాను.

"ఆయన మొఖం ఆయనే చూపియ్యాలె అన్నా. ఒకరి ఫొటోలు ఇంకొకరికియ్య. నీకైతే అసలే ఇయ్య."

చిచ్చులు పెట్టేవాడినని నా పేరు బాగానే పాకిందన్నమాట. అక్కడి నుంచి నేరుగా బావ దగ్గరికి పోయాను.

"బావా, ఖాజా నీ ఫొటో అక్కకు పంపిండు. చేతిల గిన్నె, నోట్లె డబుల్ కా మీఠా."

బావ ఇంటికి ఉరికాడు. వెనకే నేను. అక్క చిక్కుడుకాయలు తుంచుతోంది.

"తప్పైంది, జర మాఫ్ చెయ్యే. ఒక్కసారి కాదు, మూడుసార్లు పెట్టించుకున్న."

"ఏం ఫొటో? ఏం మూడుసార్లు?" అంది అక్క.

బావ నా వైపు చూసిన చూపు ఏ కెమెరాకూ అందదు. రేపటి నుంచి ఆయనకు చాయ్‌లో చక్కెర కూడా బంద్. మీ ఇంట్లో ఫొటోలకు భయపడేవాళ్లెవరో కామెంట్లో చెప్పండి.

సాయంత్రం బావ తన మొఖం చూపించి వెతుక్కున్నాడు. వచ్చిన ప్రతి ఫొటోలోనూ బుద్ధిగా అక్షింతలు వేస్తున్నాడు. మీఠా ఫొటో అసలు లేనే లేదు, నేనే పుట్టించాను.