పేరు చదవలేదని మైకు లాక్కున్నాయన

కంకిపాడు దగ్గర మా ఊళ్లో కబడ్డీ పోటీలకు నేనే కామెంట్రీ చెప్పేవాణ్ణి. ఆట మధ్యలో దాతల పేర్లు చదవడం అక్కడి ఆనవాయితీ. ఓసారి ఫైనల్లో, కూతకెళ్లిన కుర్రాడు ముగ్గురి మధ్య ఇరుక్కున్న క్షణాన, కప్పు ఇచ్చిన ప్రసాదరావుగారి పేరు వదిలేసి ఆట చెప్పాను. ఆయన స్టేజీ ఎక్కి, "నా కప్పు పెట్టుకుని నా పేరే మింగేస్తావురా?" అంటూ మైకు లాక్కుని నన్ను కిందికి దింపేశాడు. నా భార్యాపిల్లలు ముందు వరసలోనే ఉన్నారు.

ఏళ్ల తర్వాత విజయవాడలో ఓ లోకల్ ఛానల్లో రాత్రిపూట వచ్చే కామెడీ షోకి యాంకర్నయ్యాను. ఎన్నికల్లో నిలబడే ఉత్సాహంతో ఆయనే అతిథిగా వచ్చాడు. నన్ను గుర్తుపట్టలేదు. మైకు చేతికిచ్చి "చెప్పండి సార్" అన్నాను. ఆయన నోరు తెరవగానే, "కప్పు దాత శ్రీ ప్రసాదరావుగారు!" అని గొంతెత్తి చదివాను. మళ్లీ తెరిచాడు, మళ్లీ చదివాను. ఆ తర్వాత హాలంతా నాతో కలిసి అరిచింది. ఆయన ముఖం కందగడ్డయింది.

"కాస్త నన్ను మాట్లాడనివ్వండీ" అని బతిమాలాడు.

"అమ్మో, మీ పేరు మింగేస్తే ఊరుకుంటారా సార్?" అన్నాను.

అప్పుడు గుర్తుపట్టాడు. ఈలోగా షో అయిపోయింది.

క్షమించడం గొప్ప గుణమంటారు. కావచ్చు. ఆ రాత్రి పట్టినంత హాయైన నిద్ర మాత్రం నాకు ఇన్నేళ్లలో ఎప్పుడూ పట్టలేదు.