విమానం అమ్మడానికొచ్చినాయన

మా ఆఫీసుకి అమ్మకాల వాళ్లు వస్తూనే ఉండేవారు. మేత అమ్మేవాళ్లు, చెరువు నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు అమ్మేవాళ్లు, ఐసు ఫ్యాక్టరీ వాళ్లు. విమానం అమ్మడానికి కూడా మనుషులు వస్తారని నేను కలలో కూడా అనుకోలేదు. ఒకరోజు పొద్దున్నే ఛైర్మన్ గారు పిలిచి, "అమ్మాయ్, ఓ జెట్ తీసుకుంటే ఎలా ఉంటుందా అని చూస్తున్నాను. ఎవరెవరు తయారుచేస్తారో, ఎవరిది మంచిదో కాస్త కనుక్కో" అన్నారు. కొత్త జనరేటర్ గురించి చెప్పినంత మామూలుగా చెప్పారు.

రెండువేల సంవత్సరం దాటి ఏడెనిమిదేళ్లయింది అప్పటికి. మాది రాజమండ్రిలో రొయ్యల ఎగుమతి కంపెనీ, చెరువులేమో మొగల్తూరు వైపు. నేను ధవళేశ్వరం నుంచి ఆటోలో వచ్చేదాన్ని. ఎక్స్‌పోర్ట్ మేనేజర్ మానేసి వెళ్లిపోయాక ఆయన పనంతా నా నెత్తిమీదే పడింది, సీటు మాత్రం ఖాళీగానే ఉంచారు. ఆ రోజు ఛైర్మన్ గారే అన్నారు: "ఈ విమానం సంగతి తేల్చెయ్. ఆ సీటు నీదే." ఇరిగేషన్ ఆఫీసులో గుమస్తాగా చేరి గుమస్తాగానే రిటైరైన మా నాన్న ఆ సాయంత్రమే వీధి వీధంతా చెప్పేశారు. ఇక నాకు ఆ సీటు రాకపోతే వీధిలో తలెత్తుకునే పని లేదు.

ఈ విమానం మోజుకి అసలు కారణం భీమవరంలో ఉంది. అక్కడి మా పోటీ కంపెనీ ఓనరు, చుట్టాల పెళ్లికని అద్దె జెట్ తెప్పించుకుని మా ఊరి ఎయిర్‌పోర్టు మధురపూడిలో దిగాడు. ఊరంతా ఆ కబుర్లే. అద్దె విమానానికే అంత పేరొస్తే సొంత విమానానికి ఎంత రావాలి?

నెట్ సెంటర్లో కూర్చుని చదవడం మొదలుపెట్టాను. చదివేకొద్దీ కళ్లు తిరిగాయి. ప్రపంచంలో ఈ చిన్న విమానాలు చేసేవాళ్లు గట్టిగా లెక్కేస్తే గుప్పెడు మంది. పాతవాళ్లు పెద్దవి చేస్తుంటే, కొత్తగా దిగినవాళ్లు కారు సైజు జెట్‌లు చవగ్గా ఇస్తామని పోటీకొచ్చారు. ఇవాళ ఆర్డరిస్తే చేతికి రావడానికి ఏళ్లు. జనం లైన్లో తమ చోటుని లాభానికి అమ్ముకుంటున్నారట, విమానం మొహమైనా చూడకుండా! మన దగ్గర స్థలం అగ్రిమెంటు మీదే చేతులు మారినట్టు. ఇంత పెద్ద పెద్ద దొరలు కూడా ఇలాంటి బేరాలు చేస్తారా అని విస్తుపోయాను.

నా మెయిళ్లకి ముగ్గురు స్పందించారు, ముగ్గురూ వచ్చారు. మొదటాయన రెండో కంపెనీ విమానంలో నడుం వంచకుండా నిలబడలేరన్నాడు. రెండో ఆయన మొదటి కంపెనీది ఆయిలు తాగుతుందన్నాడు. ఇద్దరూ కలిసి, అంటే ఎవరికి వారే, మూడో కంపెనీ మూడేళ్లు కూడా బతకదని తేల్చేశారు. చీరల కొట్లో ఇంతకన్నా మర్యాదగా మాట్లాడతారు.

మూడో ఆయన ఢిల్లీ మనిషి. సన్నగా, చెమటలు కక్కుతూ వచ్చాడు. ఎవర్నీ తిట్టలేదు. మధురపూడి రన్‌వే మీద ఏది దిగగలదో, ఏది దిగలేదో ఉన్నదున్నట్టు చెప్పాడు. మధ్యలో నాతో ఇంగ్లీషులో, "ఇక్కడ ఒక్కటి అమ్మగలిగితే నా ఉద్యోగం నిలుస్తుంది" అన్నాడు. ఆ మాట నాకు గుచ్చుకుంది. నాదీ అదే కథ కదా.

ముగ్గురికీ ఛైర్మన్ గారింట్లోనే భోజనం. ఢిల్లీ ఆయన రొయ్య ముట్టుకోడని తెలిసి అమ్మగారు పనసపొట్టు కూర చేయించారు, దగ్గరుండి కొసరి కొసరి వడ్డించారు. వెళ్లేముందు కుర్చీలో కూర్చోబెట్టి, బొట్టు పెట్టి, ప్యాంటూ షర్టూ గుడ్డలు, వాళ్లావిడకి చీర, పూతరేకులు పళ్లెంలో పెట్టి ఇచ్చారు. మొదటిసారి ఇంటికొచ్చిన మనిషిని ఉత్తచేతుల్తో పంపడం ఆవిడకి తెలీదు. ముందొచ్చిన ఇద్దరికీ ఇలాగే పెట్టారు. ఢిల్లీ ఆయన మాత్రం లేచి నిలబడి ఛైర్మన్ గారి రెండు చేతులూ పట్టుకున్నాడు. కళ్లల్లో నీళ్లు. మర్యాదకి కదిలిపోయాడనుకుని నేనూ కరిగిపోయాను.

తర్వాత ఛైర్మన్ గారు విమానం ఊసెత్తలేదు. నేను తయారుచేసిన రిపోర్టు ఆయన టేబుల్ మీద పేపర్ వెయిట్ కింద పడుంది. అడిగితే "చూద్దాంలే అమ్మాయ్" అనేవారు. ఇంతలో అమెరికాలో బ్యాంకులు కూలాయి. మా కంటెయినర్లు ఆగాయి. జెట్‌లు కొన్నవాళ్లు అడ్డికి పావుశేరు అమ్ముకుంటున్నారని, ఆర్డర్లు వెనక్కి తీసుకుంటున్నారని చదివాను.

ఆ వారంలోనే ఢిల్లీ ఆయన మళ్లీ ఛైర్మన్ గారింట్లోనే దిగాడు, చేతిలో కాంట్రాక్టు కాగితాలతో. సంతకం పెట్టమన్నాడు.

"ఏం సంతకమండి?" అన్నారు ఛైర్మన్ గారు.

ఆయన చెప్పింది నేను తెలుగులో చెప్పాలి. వాళ్ల ఢిల్లీ వైపైతే, పెద్దవాళ్లు బొట్టుపెట్టి, బట్టలూ మిఠాయీ చేతిలో పెట్టారంటే మాట ఖాయమైనట్టే. పెళ్లిసంబంధమైనా అంతే, వ్యాపారమైనా అంతే. అది నమ్మి ఆయన తన పూచీ మీద కంపెనీ చేత మా పేరున లైన్లో చోటు అట్టేపెట్టించాడు. దానికోసం వచ్చిన ఇంకో కొనుగోలుదారుని తిప్పి పంపేశాడు. ఇప్పుడు ఆ చోటు ఊరికే ఇచ్చినా తీసుకునేవాడు లేడు.

"అయ్యో రామ! బట్టలు పెడితే కొన్నట్టేనా?" అంటూ అమ్మగారు వంటింటి గుమ్మంలో కూలబడిపోయారు.

"అసలు కొందామని నేనెప్పుడూ అనుకోలేదండి. వచ్చినోళ్లని చూస్తే ఊళ్లో నాలుగు కబుర్లు నడుస్తాయని పిలిపించానంతే" అన్నారు ఛైర్మన్ గారు, నావైపు చూడకుండా. నెలల తరబడి నేను చేసిన పనంతా ఆ నాలుగు కబుర్ల కోసమా? ఛైర్మన్ గారి మాట మాత్రం నేను ఇంగ్లీషులోకి మార్చలేకపోయాను. మార్చే అవసరమూ లేకపోయింది. ఢిల్లీ ఆయనకి అర్థమైపోయిందని మొహం చూస్తేనే తెలిసింది.

బయట వరండాలోకి వెళ్లి ఢిల్లీకి ఫోన్ చేశాడు. అవతల ఎక్కువసేపు మాట్లాడలేదు. లోపలికొచ్చి, "నన్ను ఉద్యోగంలోంచి తీసేశారు" అన్నాడు. కోపం లేదు, అరుపు లేదు. మంచినీళ్లడిగాడు.

నిజం చెప్పాలి, ఛైర్మన్ గారు చెడ్డమనిషి కాదు. తను అన్నం పెట్టి పంపిన మనిషి తన గుమ్మంలోనే రోడ్డున పడ్డాడని ఆయన నిజంగా కదిలిపోయారు. కండువాతో మొహం తుడుచుకుని, లేచి వచ్చి, ఆయన భుజం మీద చెయ్యేశారు.

"మీరు దిగులు పడకండి. మీకు ఇంగ్లీషుంది, విదేశాల వాళ్లతో బేరం చేసిన అనుభవం ఉంది. మా దగ్గర ఎక్స్‌పోర్ట్ మేనేజర్ సీటు ఖాళీగా ఉంది. రేపే చేరిపోండి." తర్వాత నావైపు తిరిగారు. "చెప్పమ్మా ఆయనకి."

చెప్పాను. మాట మాటకీ తప్పులేకుండా చెప్పాను. మర్నాడు పొద్దున్న ఆయన్ని ఆ సీట్లో కూర్చోబెట్టి, కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయో, ఆ కౌంట్ ఎలా చూస్తారో నేర్పే పని కూడా నాకే అప్పగించారు.