వానకు పనికిరాని టైర్లు

మా ఆడబిడ్డ కుడిచెయ్యి పూర్తిగా చాచలేదు. మోచెయ్యి ఒకచోటికి వచ్చి ఆగిపోతుంది. ఆ చేత్తోనే నా బిడ్డకు జడ వేస్తుంది, నాకు చాయ్ అందిస్తుంది. ఐదేళ్లుగా నేను ఆ చాయ్ తాగుతున్నాను. ఆ చెయ్యి అలా కావడానికి కారణం నేను. ఈ మాట ఇంతవరకు ఎవరితోనూ అనలేదు. ఆమెతో అసలే అనలేదు.

మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్లయితే సగంలోనే ఓదార్చడం మొదలుపెడతారు. నాకు ఓదార్పు వద్దు. నాకు కోపంగా ఉంది. ఎవరి మీద? మొదట మా అత్తమ్మ మీద అనుకున్నాను. తర్వాత నాట్ల కాలంలో ఇనుప చక్రాల ట్రాక్టర్లను బురదతో అలాగే రోడ్డెక్కించే వాళ్ల మీద. చెప్పకుండా వచ్చిన వాన మీద కూడా. ఒక్కొక్కరినీ తిట్టుకుంటూ పోతే చివరికి తిట్టడానికి నేనొక్కదాన్నే మిగిలాను.

ఆడబిడ్డను స్వప్న అందాం. మా ఆయన చెల్లెలు, నాకన్నా నాలుగేళ్లు చిన్న. మేమందరం ఉండేది నిజామాబాద్‌లో. తను రోజూ ఇక్కణ్నుంచే పోయి బోధన్‌లో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పేది. మా ఆయన ఉద్యోగం హైదరాబాద్‌లో, శనివారం వచ్చి సోమవారం పోతాడు. కారు మాత్రం ఇక్కడే ఉండేది. సెకండ్ హ్యాండ్‌ది. చూడటానికి చిన్నదే కానీ ఇంజను దొడ్డది, కాలు కొంచెం నొక్కితే ముందుకు దూకేది. పెళ్లయిన కొత్తలో దాన్ని నడిపింది నేనే. స్వప్నకు నేర్పింది కూడా నేనే.

తర్వాత కడుపుతో ఉన్నానని తాళంచెవి తీసుకున్నారు. బిడ్డ పుట్టాక వెనక సీటు చూపించారు. ఆ తర్వాతి పది నెలలూ నేను ఏం చేశానో తెలుసా? బిడ్డకు పాలిస్తూ ఒక చేత్తో ఫోన్ పట్టుకొని టైర్ల గురించి చదివాను. మెత్తటి రబ్బరు ఏది, గట్టిది ఏది, మలుపులో టైరు పక్క అంచు ఎంత వంగుతుంది, అన్నీ. నవ్వొస్తుందేమో మీకు. ఆ ఇంట్లో కూర దగ్గర్నుంచి కర్టెన్ దాకా ఒక్క వస్తువు నేను ఎంచుకున్నది లేదు. ఇదొక్కటైనా నాకు తెలిసిన సంగతి అనుకున్నాను.

వానాకాలం ముందు కారు టైర్లు అరిగిపోయాయి. మా ఆయన ఫోన్‌లో చెప్పాడు, వానకు ఆగేవి వేయించు అని. అలా తాళంచెవి మళ్లీ నా చేతికొచ్చింది. షాపుకు నేనొక్కదాన్నే పోయాను. అక్కడ ఒక మూలకు నాలుగు టైర్లు ఉన్నాయి. ఎవరో రేసు ట్రాక్ మీదికి కావాలని తెప్పించి తీసుకుపోలేదట. గాట్లు చాలా తక్కువ, నున్నటి నల్లటి రబ్బరు. ఫోన్‌లో చూసి చూసి మోజుపడ్డ రకం. ఇవే కావాలన్నాను.

షాపాయన పెద్దాయన, గడ్డం నెరిసినవాడు. టైరు మీద బొటనవేలు ఆనించి చూపించాడు.

"ఇవి ఎండ రోడ్డు మీద జలగ లెక్క పట్టుకుంటయి బేటీ. కాని నీళ్లు పోనీకి ఈటికి తొవ్వ లేదు. బురద తగిలిందనుకో, సబ్బు మీద నడిచినట్టే. ముందు నాట్ల దినాలు. వద్దు."

అక్కడితో ఆగి ఉంటే నేను వినేదాన్నేమో. నిజంగానే వినేదాన్నా? తెలియదు. ఆయన ఇంకో మాట అన్నాడు.

"ఒకసారి సార్‌కు ఫోన్ చేసి అడుగరాదు?"

అంతే. నా చెవులు వేడెక్కాయి. సార్‌కు ఏం తెలుసు? సార్‌కు టైరు నల్లగా గుండ్రంగా ఉంటుందని తెలుసు. "నడిపేది నేను, సార్ కాదు. ఇవే బిగించండి" అన్నాను. ఆయన బిగించాడు. పోయేటప్పుడు మాత్రం కిటికీ దగ్గరికి వచ్చి, ఎవరు నడిపినా చెప్పు బేటీ, వాన పడితే ముప్పై దాటొద్దని, అన్నాడు. తల ఊపాను.

మర్నాడు పొద్దున బిడ్డను అత్తమ్మకు ఇచ్చి హైవే ఎక్కి బాల్కొండ దాకా పోయి వచ్చాను. ఎండ బాగా కాస్తోంది. మలుపులో కారు రోడ్డును వదల్లేదు. ఏడాది దాటాక మళ్లీ నా చేతులు నావి అనిపించాయి. ఆ సంతోషం అబద్ధం కాదు. ఇప్పటికీ నన్ను ఎక్కువగా మండించేది అదే.

రెండు వారాలు గడిచాయి. శనివారం మా ఆయన వచ్చి టైర్లు చూసి, బాగున్నయి అన్నాడు. స్వప్నకు ఆ వారం కాలేజీలో ప్రాక్టికల్స్. పెట్టె నిండా సామాను తీసుకుపోవాలి. గడపలో నిలబడి ఆకాశం చూసింది. ఆ మాటలు నాకు ఒక్క అక్షరం పోకుండా గుర్తున్నాయి.

"వదినె, మొగులైంది. బస్సుకు పోవాల్నా?"

"కారు పెట్టుకొని బస్సెందుకే? ఈ పెట్టె నెత్తి మీద పెట్టుకొని ఎక్కుతవా?"

"వాన పడితే నాకు జర భయమైతది."

"కొత్త టైర్లు. ఏంగాదు, పో."

నవ్వి తాళంచెవి తీసుకుంది. అప్పుడు చెప్పాల్సింది. వాన పడితే ముప్పై దాటొద్దని. ఒక్క వాక్యం. ఘర్షణ గురించి పిల్లలకు పాఠం చెప్పే మనిషి, నాకన్నా బాగా అర్థం చేసుకునేది. ఎందుకు చెప్పలేదు? మరిచిపోయానా? ఐదేళ్లు నాకు నేను చెప్పుకున్నది అదే, బిడ్డ ఏడుస్తోంది, హడావిడిలో మరిచిపోయాను అని. కాదు. గుర్తుంది. నాలుక మీదిదాకా వచ్చింది. చెబితే, అవి వానకు పనికిరానివని తెలిసే వేయించానని ఒప్పుకోవాలి. ఆమె అన్నకు చెబుతుంది. ఆయన, అందుకే నన్ను అడగాల్సింది అంటాడు. ఆ ఒక్క మాట పడలేక నోరు మూసుకున్నాను.

ఎడపల్లి దాటాక వాన అందుకుంది. పొలంలోంచి ట్రాక్టర్ ఎక్కినచోట రోడ్డంతా బురద. ముందు బర్రె అడ్డం వస్తే బ్రేక్ నొక్కిందట. కారు ఆగలేదు. గిర్రున తిరిగి చెరుకు తోటలో పడింది. మోచెయ్యి రెండుచోట్ల విరిగింది.

ఆస్పత్రిలో నేను పోయేసరికి కట్టు కట్టారు. నన్ను చూడగానే ఏడ్చింది.

"మాఫ్ చెయ్యి వదినె. నీ బండి ఖరాబ్ చేసిన. నలభై మీద గూడ లేను, ఏమైందో ఎరుక లేదు."

నేనేం అన్నానో వినండి. "పోనీ తియ్యి, నువ్వు బతికినవ్, అదే చాలు" అన్నాను. ఆమెను క్షమించాను. నేను, ఆమెను. తల నిమిరి మరీ. అక్కడున్నవాళ్లు ఎంత మంచి వదినె అనుకున్నారు. ఆ క్షణం తలచుకుంటే నన్ను నేను చెంప మీద కొట్టుకోవాలనిపిస్తుంది.

ఇంకా ఉంది. కారు షెడ్డుకు చేరాక మా ఆయన వచ్చి దగ్గర్నుంచి చూడకముందే నాలుగు టైర్లూ తీయించి మామూలువి వేయించాను. మెకానిక్ అడిగాడు, కొత్తగనే ఉన్నయి కదక్కా, ఎందుకు తీస్తున్నరు అని. పడ్డ బండి టైర్లు అచ్చిరావు అన్నాను. చదువుకున్నదాన్ని, వాహన పూజకు నిమ్మకాయలు తొక్కిస్తుంటే ముఖం తిప్పుకొని నవ్వుకునేదాన్ని, ఆ రోజు అచ్చిరావు అన్నాను. అత్తమ్మ విని, మంచిపని చేసినవ్ బిడ్డా అని మెచ్చుకుంది. దిష్టి కూడా తీసింది. తప్పంతా మాత్రం స్వప్న మీద వేసింది. "ఆడోళ్ల చేతికి బండి ఇస్తే గిట్లనే అయితది. మొదటికెల్లి చెప్తనే ఉన్న" అని వచ్చినవాళ్లందరితో అన్నది. నేను పక్కనే కూర్చొని వచ్చినవాళ్లకు నీళ్లిచ్చాను.

స్వప్న చెయ్యి బోర్డు పైభాగానికి అందలేదు. కొన్నాళ్లకు ఉద్యోగం మానేసింది. కారు ముట్టలేదు. అంతకన్నా ఘోరం, తన గురించి అందరూ అన్నది తను కూడా నమ్మింది.

మొన్న ఆదివారం అందరం అన్నాలకు కూర్చున్నాం. బోధన్ కాలేజీవాళ్లు మళ్లీ పిలిచారు, ఇప్పుడు బోర్డు మీద రాయనక్కర లేదు, తెర మీద చూపించి చెప్పవచ్చట. మా ఆయన, కారు తీస్కపోరాదే అన్నాడు. స్వప్న తల అడ్డంగా ఊపింది. "నాతోని గాదన్నా. ఈసారి ఎవలనన్న సంపుత." నవ్వుతూనే అన్నది. నా బిడ్డ, ఆరేళ్లు నిండుతున్నాయి దానికి, ముద్ద నములుతూ, "ఆడోళ్లు నడిపితే పొలంల పడతది" అన్నది. అత్తమ్మ నవ్వింది. స్వప్న కూడా నవ్వింది.

నా చెయ్యి లేచింది. బిడ్డ వీపు మీద గట్టిగా ఒకటి వేశాను. అందరూ నన్నే చూశారు. తప్పు చేయని ఇంకొకరికి శిక్ష వేశానని అప్పటికప్పుడే తెలిసింది. బిడ్డ వెక్కుతూ అడిగింది.

"మరి అత్త కారు ఎట్ల పడ్డదే?"

లేచి వంటింట్లోకి పోయాను. స్వప్న నా వెనకే వచ్చి, పిల్లను కొడ్తరా వదినె, అని నన్నే సముదాయించింది.

బిడ్డా, కారు ఎట్లా పడిందంటే, మీ అత్త బాగానే నడిపింది. వానలో జారే టైర్లు మీ అమ్మ వేయించింది. వద్దని చెప్పినా వేయించింది. జారుతాయని తెలిసి తాళంచెవి ఇచ్చి, ఏంగాదు పో అన్నది. తర్వాత వాటిని మాయం చేసింది.

స్వప్న కాలేజీవాళ్లకు వస్తానో రానో చెప్పాల్సింది వచ్చే సోమవారం. అంతకన్నా ముందు, మీకని మొదలుపెట్టిన ఈ కాగితాలే ఆమె చేతికిస్తాను. చదివి నాతో మాట్లాడకపోవచ్చు. అన్నతో చెప్పి గొడవ చేయవచ్చు. నన్ను ఎన్నటికీ మన్నించకపోవచ్చు, మన్నించమని అడగను కూడా. కానీ తనకు కారు నడపడం వచ్చని మాత్రం ఆమెకు తెలియాలి. ఇది రాసేశాక చూస్తే, నా కోపం ఇన్నాళ్లు వెతుకుతున్న మనిషి దొరికినట్టుంది. ఊపిరి కొంచెం ఆడుతోంది.