ఒడిలో పెట్టిన బిడ్డ

ఈ ఉదయం నిజామాబాద్ బస్టాండు ఎదుట చెరకు రసం బండి పక్కన తడి పిప్పి కుప్పగా పడి పులుస్తోంది. ఆ వాసనకు నా కాళ్లు ఆగిపోయాయి. బోధన్‌లో ఎస్తేరు టీచర్ ఇంటి వాకిట్లో ఎప్పుడూ ఇదే వాసన ఉండేది. చక్కెర ఫ్యాక్టరీకి పోయే చెరకు బండ్లు ఆమె గోడ వెంటే సాగేవి. ఏనాటి సంగతులు ఆనాడే రాసిపెట్టుకోవడం నాకు కాలేజీ రోజుల నుంచి అలవాటు. ఆమె పేరు దగ్గరికి వచ్చేసరికి మాత్రం సిగ్గు నా కలాన్ని ఆపేది.

ఆమె మిషన్ బడిలో ఇంగ్లీషు చెప్పేవారు. రెండు విషయాల్లో ఆమెను మించిన పండితులను నేను చూడలేదు. ఒకటి, దేవుడి పేరెత్తకుండా దేవుడి సంగతి చెప్పే క్రైస్తవ అద్భుత కథలు. రెండవది దత్తత. ఆమె స్వయంగా అనాథాశ్రమం నుంచి వచ్చి ఒక చర్చి ఉపదేశి ఇంట్లో పెరిగిన బిడ్డ. ఇందల్వాయి నుంచి ఏర్గట్ల దాకా తిరిగి, ఏ కులంలో బిడ్డను ఎలా ఇస్తారో, ఎలా తీసుకుంటారో ముసలివాళ్లను అడిగి తెలుసుకున్నారు. ఆ రెండూ ఒకే విద్య అనేవారు. "ఆ కథలల్ల పరాయి పిల్ల ఇంకో లోకంల అడుగువెడ్తది. ఆ లోకం రాజు తన పక్కకు కూసోవెట్టుకుంటడు. ఎవ్వరి రక్తమని అడగడు. గదే దత్తత." రెక్కల గుర్రాల కథలు సువార్తలో ఎక్కడున్నాయని చర్చి పెద్ద ఒకాయన నిలదీస్తే, "బైబిల్ల గాడిద మాట్లాడిన కథ పోయిన ఆదివారం మీరే చెప్తిరి గద అయ్యగారూ" అన్నారు. ఆయన గొడుగు తీసుకొని వెళ్లిపోయాడు.

నేనూ దత్తపుత్రుణ్నే. వేల్పూర్‌లో పసుపు పండించే ఇంట్లో పుట్టి, ఊహ తెలియని వయసులో బోధన్‌లో నన్ను పెంచుకున్న బాపు ఇంటికి వచ్చాను. నేను కాలేజీలో ఉండగా, హోమం చేయలేదు గనుక ఆ దత్తత చెల్లదని బాపు అన్న కొడుకులు పెద్దల ముందు పంచాయితీ పెట్టారు. బాపు స్వయంగా వెళ్లి టీచర్‌ను పిలుచుకొచ్చాడు. ఆమె మా కులంలో అందరికన్నా పెద్దాయన ముందు కూర్చున్నారు.

"తాతా, మీ ఇండ్లల్ల దత్తతకు ఎన్నడన్న హోమం జేసిండ్రా?"

"లేదమ్మా. కన్నోళ్లు ఒడిల పెడ్తరు, తీసుకున్నోళ్లు నోట్లె బెల్లం పెడ్తరు. గంతే."

"ఈ పిలగాన్ని అట్ల పెట్టంగ చూసిండ్రా?"

"ఎందుకు సూడలె? బెల్లం అందిచ్చింది నేనే."

"మన ఇంటి ముచ్చట కిరస్తానామె చెప్పాల్నా?" అని పంచాయితీ పెట్టిన అన్నల్లో ఒకడు గొణిగాడు. "తెలిసినోళ్లు చెప్తరు, తెల్వనోళ్లు ఇంటరు. కూసో" అన్నాడు బాపు. ఆ తర్వాత నా హక్కును ఎవరూ ప్రశ్నించలేదు.

మరుసటి కోతల కాలంలో, మరాఠ్వాడా నుంచి చెరకు నరకడానికి వచ్చిన ఒక కూలి వితంతువు మా చేనులోనే జబ్బుపడింది. ఇక బతకనని తెలిసి, తన పసిబిడ్డను, చూడ్డానికి వచ్చిన టీచర్ ఒడిలో పెట్టింది. అప్పుడు అక్కడ ఉన్నది బాపు ఒక్కడే. బిడ్డ నోట్లో పెట్టడానికి బెల్లం ముక్క ఇచ్చిందీ బాపే. నీల అని పేరు పెట్టి టీచర్ ఆ పిల్లను పెంచారు. అయితే కొత్తగా వచ్చిన దత్తత చట్టం హిందువులకే. క్రైస్తవులకు అటువంటి చట్టమే లేదు. ఇందరి దత్తతలకు దారి చూపిన మనిషికి తన బిడ్డను తనదనుకునే దారి లేకపోయింది. ఇది అన్యాయమని అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటున్నాను. నీలకు పశువులు కాసే వయసు రాగానే మరాఠ్వాడాలోని దెగ్లూర్ వైపు నుంచి ఆమె చిన్నాన్న దిగి పిల్లను ఇమ్మన్నాడు. సంరక్షణ కోసం టీచర్ నిజామాబాద్ కోర్టుకు వెళ్లారు. తల్లి ఇష్టపడే ఇచ్చిందని చెప్పగల సాక్షి బాపు తప్ప మరెవరూ లేరు.

ఆమె మా అరుగు మీద కూర్చుని అడిగారు. "అన్నా, మీరు చూసిందే చెప్పుండ్రి. ఎక్కువ వద్దు."

"హిందువుల పిల్ల మీ ఇంటికి వచ్చుడు నేను దగ్గరుండి చేయించిన్నంటే రేపు మా కులపోళ్లు ఏమంటరు టీచరమ్మా? నా కొడుకు ముచ్చటల మీరు మాట్లాడిండ్రు, మరువలె. వడ్లు గావాల్నా, పసుపు గావాల్నా, చెప్పుండ్రి."

"బాపూ, బెల్లం నువ్వే ఇచ్చినవు గద" అన్నాను.

"ఆకలైన పిల్లకు బెల్లమిచ్చిన. గంతే."

టీచర్ లేచి నిలబడ్డారు. "మా దేవుడు అందర్ని దత్తత తీసుకున్నడంటం. ఆయనకు సాక్షులు అక్కర పడలె" అని చెప్పులు వేసుకున్నారు. కోర్టులో బాపు బదులు నేను మాట్లాడాను. కళ్లారా చూడనివాడి మాట నిలవలేదు. చిన్నాన్న నీలను తీసుకుపోయాడు. టీచర్ దెగ్లూర్ వెళ్లి వెతికారు గాని, అతని కూలీల గుంపు అప్పటికే మకాం మార్చింది.

కొన్నేళ్లకు బాపు పోయాడు. కొరివి పట్టనని నేను పాడె ముందు మొండికేశాను. చుట్టాలు తిట్టారు, బతిమాలారు. ఇంతలో టీచర్ ఆడవాళ్లలోంచి నడిచి నా దగ్గరికి వచ్చారు.

"పట్టు బిడ్డా. ఆయన మంచోడని పట్టుమంటలేను. నువ్వు ఆయన కొడుకువని పదిమందిల చెప్పిన. ఇయ్యాల నువ్వు కాదంటే నా మాట అబద్ధమైతది."

పట్టాను.

దత్తత చిక్కులతో ఇప్పటికీ నా దగ్గరికి వచ్చేవాళ్లున్నారు. ఆమె నేర్పిందే చెప్పి పంపుతాను. పోతూ పోతూ వాళ్లు, "అంత పెద్దమనిషి కొడుకువు, నీకు తెల్వకుంట ఉంటదా" అంటారు. ఆ కొడుకుతనాన్ని నిలబెట్టింది ఎస్తేరు టీచర్. అందుకే ఆ మాటను కాదనలేను. ఆమె బిడ్డకు సాక్ష్యం చెప్పనిదీ ఆ పెద్దమనిషే గనుక తలెత్తుకుని వినలేను.