కారణం లేని కృతజ్ఞత కూడిక

రేపల్లె దగ్గర పల్లెలో ముప్పై ఏళ్లు నాట్లేసే ఆడవాళ్ల ముఠాను నడిపిన మనిషి సువార్తమ్మ. ఇప్పుడు అరవై రెండు. మోకాళ్లు ఒప్పుకోక చేలో దిగడం మానేసింది గానీ, గొంతు మాత్రం ఆ గట్టు నుంచి ఈ గట్టుకు వినపడేటట్టే ఉంది. ఆదివారం చర్చిలో ఆమె పాట ఎత్తుకుంటేనే మిగతావాళ్లు అందుకుంటారు.

ఇంట్లో ఏదైనా మేలు జరిగితే పాస్టరు అయ్యగారిని, చర్చి సంఘాన్ని పిలిచి కృతజ్ఞత కూడిక పెట్టడం వాళ్ల అలవాటు. వాకిట్లో షామియానా, పాటలు, బైబిలు వాక్యం, ప్రార్థన, ఆ తర్వాత భోజనాలు. సువార్తమ్మ ఇంట్లో మూడు జరిగాయి. ఇంటికి స్లాబు పడ్డప్పుడొకటి, కూతురు మనీషాకు నర్సు ఉద్యోగం వచ్చినప్పుడొకటి, భర్త సుందరయ్యకు తెనాలిలో కంటి ఆపరేషన్ అయ్యాక ఇంకొకటి. మూడూ ముందే మొక్కుకున్నవి.

"నువ్విది చెయ్యి, నేనది పెడతా అని ఒప్పుకున్నవే నాయనా. దేవుడితో కూడా కూలి మాట్లాడుకున్నట్టే," అని, ఈ సంగతి అడుగుదామని వాళ్లింటికి వెళ్లిన నాతో బియ్యం ఏరుతూ నవ్వుతూ చెప్పింది.

మొన్న ఆగస్టులో బాపట్లలో మనీషాను చూసి బస్సులో వస్తూ, అలవాటుగా కళ్లు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టిందట. అడగడానికి ఏమీ తోచలేదు. కళ్లు తెరిస్తే కిటికీ బయట కొత్తగా నాటిన చేలు పచ్చబడుతున్నాయి. ఒక్క మడి కూడా ఆమెది కాదు. అయినా చూస్తుంటే కడుపు నిండినట్టయింది.

ఇంటికి రాగానే, "కూడిక పెడదాం," అంది.

"ఎందుకు?" అన్నాడు సుందరయ్య.

"ఎందుకూ లేదు."

ఆయన కళ్లజోడు తీసి తుడిచి మళ్లీ పెట్టుకున్నాడు. "లాటరీ ఏమన్నా తగిలి నా దగ్గర దాస్తున్నావా ఏంటి?"

ఆదివారం ప్రకటనల్లో చదవడానికి చీటీ ఇస్తే, అయ్యగారు అటూ ఇటూ తిప్పి చూశారు. "దేని నిమిత్తమో రాయలేదమ్మా."

"నిమిత్తం లేదండి. ఊరికేనండి."

"పుట్టినరోజా? పెళ్లిరోజా?"

"లేదండి అయ్యగారండీ."

ఆయన ఉన్నదున్నట్టే చదివారు. ఆడవాళ్ల వైపు గుసగుసలు లేచాయి. ఆరాధన అయ్యాక బయట చెప్పులేసుకుంటూ తోటికోడలు వెంకటరత్నమ్మ అనేసింది. "మాకు తెలీదా అక్కా? మేమంతా మేలు జరిగితే పెడతాం, నువ్వు ఊరికే పెడతావు. ఆహా, ఏం భక్తి అనిపించుకోడానికేగా?"

"అది పూర్తిగా అబద్ధమైతే నవ్వి ఊరుకునేదాన్ని," అంది సువార్తమ్మ నాతో. ఊరుకోలేక మర్నాడే అయ్యగారి దగ్గరికి వెళ్లింది.

"పేరు కోసమే పెడుతున్నానేమోనండి. మానుకోమంటారా?"

"భోజనంలో ఏం పెడుతున్నారమ్మా?"

"చికెన్ పులావండి."

"అది తీసేస్తే?"

"జనం రారండి."

"నువ్వుంటావుగా," అన్నారాయన.

పులావు తీసేసి టీ, బిస్కెట్లు అనుకున్నారు. ఎక్కువ బాధపడింది సుందరయ్యే. "ఊరికే పెట్టే కూడికకు ఊరికే రమ్మంటే ఎవరొస్తారే?"

శనివారం సాయంత్రం యాభై కుర్చీలు వేస్తే పదకొండు మంది వచ్చారు. ఇంటావిడ గనక ఆమె కుర్చీ అయ్యగారి పక్కన, గేటుకు ఎదురుగా వేశారు. పాట ఎత్తుకుంది. వీధిలో ఆటో చప్పుడైనప్పుడల్లా తన గొంతు పెరగడం, ఆటో ముందుకు పోగానే తగ్గడం తనకే వినిపించింది.

"నాట్లప్పుడు గట్టు మీద ఎవరొస్తున్నారా అని తలెత్తే పిల్లల్ని తిట్టేదాన్ని నాయనా. అటు చూస్తే వరస వంకర పోద్ది. ఇప్పుడు నేనే చూస్తున్నా."

పాట మధ్యలో లేచి కుర్చీని గోడ వైపు తిప్పుకుంది. గేటుకు వీపు పెట్టి కూర్చుని పాట మళ్లీ మొదటి నుంచి ఎత్తుకుంది. "ఏంటే, మోకాలు పట్టేసిందా?" అని సుందరయ్య కంగారుపడ్డాడు. అయ్యగారు కూడా అలాగే అనుకున్నారేమో, చివర్లో ఆమె మోకాళ్ల కోసం చాలాసేపు ప్రార్థించారు.

"గోడ వైపు తిరిగాక మనసు నిలిచిందా?" అని అడిగాను.

చాటలో బియ్యం ఏరుతున్న చెయ్యి ఆగింది. "రెండు చరణాలు నిలిచింది. గోడ మీద బల్లి, నేను, పైనున్న ఆయన. అంతే. మూడో చరణంలో వెనక కుర్చీ లాగిన చప్పుడైంది. ఎవరా అనుకున్నా."

"వెనక్కి చూశారా?"

"పాట అయ్యాకే చూశాలే. వెంకటరత్నమ్మ. పులావు లేదని తెలిసే వచ్చింది పిచ్చిది." రాయి ఒకటి ఏరి పారేసి మళ్లీ బియ్యంలో చెయ్యి పెట్టింది. "వచ్చే ఏడు కూడా ఊరికే పెడతా. మూడో చరణం మిగిలిపోయింది కదా."